రక్షణ ఉత్తరువునకు పూచీ ఎవరిది?

కమలాపురములో గాని, ప్రొద్దుటూరులో గాని, జమ్మలమడుగు పులివెందులలలో గాని మేజిస్ట్రేటు న్యాయస్థానపు వసారాలో ఒక పూట నిలుచున్నవారికి "డి.వి.సి." అను అక్షరములతో మొదలై, ఒక సంఖ్యతోను ఒక సంవత్సరముతోను ముగియు పిలుపు బంట్రోతు కంఠమున వినబడక మానదు. ఆ పిలుపునకు లేచి, చంకలోని బిడ్డను తల్లికో అక్కకో అందించి లోనికి నడచు స్త్రీ, తన్ను కొట్టకుండ, బెదిరింపకుండ, కాపురముండు ఇంటినుండి వెడలగొట్టకుండ, పుట్టింటి గుమ్మముకడకు వచ్చి రభస చేయకుండ భర్తను ఆపుమని న్యాయస్థానమును అడుగుచున్నది. న్యాయాధికారి ఆమె చెప్పినది విని, పత్రములను చూచి, సంతకము చేసి, ముద్ర వేయించి ఆమె చేతికిచ్చు కాగితమునకు రక్షణ ఉత్తరువని పేరు. ఆ కాగితమును లక్ష్యపెట్టక ఆ పురుషుడు మరల చేయిచేసికొనినపుడు, ఆమె పోలీసుస్టేషనుకు పోయి మొరపెట్టుకొనినను స్టేషను కదలకపోయినపుడు, ఆ కదలకపోవుటచేతనే ఆమె కాలో చేయియో ప్రాణమో పోయినపుడు, ఆ నష్టమునకు వెల కట్టి చెల్లింపవలసినవారెవరు? చెల్లింపవలసినది రాజ్యమనియు, చెల్లింపుమని అడుగవలసిన చోటు సామాన్యమైన సివిలు న్యాయస్థానమే యనియు, అట్లడుగుటకు కావలసిన న్యాయసూత్రము మన రాయలసీమ నేలమీదనే, జమ్మలమడుగునకు ఉత్తరమున నున్న కోయిలకుంట్లలో జరిగిన ఒక దారుణమునుండి పుట్టి పాతికేండ్లు దాటినదనియు నా నిశ్చితాభిప్రాయము.

ముందుగా చట్టము చెప్పుచున్నదేమో చూతము. గృహహింసనుండి మహిళలకు రక్షణ కల్పించు 2005 నాటి చట్టము 2006 అక్టోబరు 26వ తేదీన అమలులోనికి వచ్చినది. అందు 18వ సెక్షను రక్షణ ఉత్తరువునకును, 19వ సెక్షను నివాసపు ఉత్తరువునకును ఆధారములు. అత్యవసరమైనచో ఎదుటిపక్షమును వినకముందే మధ్యంతరముగా ఉత్తరువు నిచ్చుటకు 23వ సెక్షను అవకాశము కల్పించుచున్నది. వెలువడిన ఉత్తరువు ప్రతిని ఆ ప్రాంతపు పోలీసుస్టేషను అధికారికి ఉచితముగా అందజేయవలెనని 24వ సెక్షను శాసించుచున్నది. ఉల్లంఘించినవానికి ఒక సంవత్సరము వరకు కారాగారమో, 20,000 రూపాయల వరకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చునని 31వ సెక్షను చెప్పగా, ఆ నేరము పోలీసులు వారంటు లేకయే పట్టుకొనదగినదనియు, బెయిలు హక్కుగా లభించునది కాదనియు, బాధితురాలి ఒక్కతె సాక్ష్యము మీదనే నేరము జరిగినదని న్యాయస్థానము నిర్ణయింపవచ్చుననియు 32వ సెక్షను చెప్పుచున్నది. పోలీసు పట్టుకొనదగిన నేరము జరిగినదని సమాచారము వచ్చినపుడు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయుట అధికారి ఇష్టానిష్టములమీద ఆధారపడిన విషయము కాదని 2013లో లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తేల్చియేయున్నది. కాపురపు తగవులలో స్వల్పకాలపు ప్రాథమిక విచారణకు ఆ తీర్పు చోటిచ్చినమాట నిజమే గాని, న్యాయస్థానపు ఉత్తరువు ముందే చేతనున్నపుడు ఇక విచారింపవలసిన సందేహమేమి మిగిలియున్నదో నాకు కానరాదు.

ఐనను ఉత్తరువు వెలువడుటకును ఉత్తరువు అమలగుటకును నడుమ దూరము చాల కలదు. ప్రతి వచ్చినదో లేదో రైటరు వెదకి చెప్పవలెను. ఎస్సై తిరునాళ్ల బందోబస్తుకో మంత్రిగారి పర్యటనకో పోయియుండును. కోర్టు కాగితములు చూచు కానిస్టేబులు సెలవులో నుండును. రాత్రివేళ చినిగిన రవికెతో స్టేషను మెట్లెక్కిన స్త్రీకి మొదట వినబడు మాట, "ఏమ్మా, మొగుడూ పెండ్లాల మధ్య ఇట్లాంటివి ఉండేవే గదా, పొద్దున్నే పెద్దమనుషుల్ని పిలుచుకొని రా, మాట్లాడదాం" అనునది. రెండవ మాట, "కాపురం చెడగొట్టుకోవాకమ్మా" అనునది. ఈ మాటలు పలుకువారందరును క్రూరులని నేననను. ఒక కాపురమును నిలబెట్టుచున్నామను తృప్తి వారిలో పెక్కుమందికి నిజముగానే యుండును. కాని న్యాయస్థానము ఇదివరకే విచారించి కాగితముమీద పెట్టిన విషయమును మరల పెద్దమనుషుల పంచాయితీకి తిప్పిపంపు అధికారము ఏ స్టేషను అధికారికిని ఏ చట్టమును ఈయలేదు. కౌన్సెలింగు అను పేరున జరుగు ఈ పంచాయితీవలన, ఉత్తరువునకు భయపడనక్కరలేదని భర్త తెలిసికొనుచున్నాడు. ఉత్తరువు లేనినాడు ఆమె పుట్టింటనో, బంధువుల ఇంటనో తలదాచుకొనియుండెడిది. నివాసపు ఉత్తరువు వచ్చిన ధైర్యముతో, పోలీసులున్నారను నమ్మకముతో, అత్తవారింటి గడప మరల తొక్కినది. స్టేషనునుండి వట్టిచేతులతో తిరిగివచ్చిన రాత్రి ఆమెకు ఆ యింట ఎదురగు అపాయము వెనుకటి అపాయములన్నిటికంటె పెద్దది. ఆ అపాయమును పెంచినది ఆమెకు రాజ్యమిచ్చిన మాటయే.

ఇట్టి స్త్రీలు కొలదిమందియని అనుకొనువారుందురేమో. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున వివాహితలలో నూటికి 30 మంది భర్తవలన హింసకు గురియైనట్లు చెప్పిరి. వారిలో న్యాయస్థానము వరకు వచ్చినవారు అత్యల్పులు. అంత దూరము రాగల ధైర్యము చూపినవారినైనను కాపాడలేని యెడల తక్కినవారికి మనము చెప్పగలదేమియు లేదు.

ఇక కోయిలకుంట్ల మాట. ఎర్రగుంట్లనుండి నంద్యాలకు 2016లో తెరచిన రైలుమార్గమున జమ్మలమడుగు దాటిన పిమ్మట వచ్చు ఆ ఊరు నేడు నంద్యాల జిల్లాలోనిది, ఆనాడు కర్నూలు జిల్లాలోనిది. 1977 ఏప్రిలులో అవుకు పోలీసుస్టేషనులో నమోదైన ఒక కేసులో చల్లా చిన్నపరెడ్డి, ఆయన కుమారుడు, తరువాతి కాలమున శాసనసభ్యుడైన చల్లా రామకృష్ణారెడ్డి అరెస్టయి, రిమాండు ఖైదీలుగా కోయిలకుంట్ల సబ్‌జైలులో ఉంచబడిరి. వారి ప్రాణములకు శత్రువులవలన ముప్పు పొంచియున్నదని తెలిసియు అధికారులు కాపలాను కట్టుదిట్టము చేయలేదు. మే 5వ తేదీ గడచి 6వ తేదీ తెల్లవారకముందే కొందరు జైలు ఆవరణలో జొరబడి వారున్న గదిలోనికి బాంబులు విసరిరి. తండ్రి మరణించెను, కుమారుడు గాయములతో బయటపడెను. బాంబు విసరినవారు ఎవరు, వారికి శిక్ష పడినదా అనునది వేరు కథ. ఆ కుటుంబము చేసిన పని, న్యాయశాస్త్రమునకు సంబంధించినంతవరకు, అంతకంటె గొప్పది: కాపాడవలసినవారు కాపాడలేదని రాష్ట్రప్రభుత్వము మీద 10 లక్షల రూపాయల నష్టపరిహారమునకు సివిలు దావా వేసిరి.

క్రింది న్యాయస్థానము ఆ దావాను కొట్టివేసినది. ప్రభుత్వము చెప్పుకొనిన జవాబు తరతరములనుండి ప్రభుత్వములు చెప్పుకొనుచున్నదే: జైలును కాచుట సార్వభౌమాధికారమునకు చెందిన పని, అట్టి పనిలో జరిగిన లోపమునకు రాజ్యము నష్టము చెల్లింపనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో 1989లో ఆ వాదన నిలువలేదు. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఇచ్చిన తీర్పు, రాజ్యాంగపు 21వ అధికరణము ప్రసాదించిన జీవనహక్కునకు సార్వభౌమాధికారమను సాకు అడ్డురాజాలదని ప్రకటించి, 1,44,000 రూపాయలను 6 శాతము వడ్డీతో చెల్లింపుమన్నది. ప్రభుత్వము సుప్రీంకోర్టుకు పోయినది. 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపరచినది. బాంబు విసరినవాడు పోలీసు కాడు, ప్రభుత్వోద్యోగి కాడు, బయటివాడు. బయటివాడు చేసిన హత్యకు రాజ్యము పరిహారము చెల్లింపవలసివచ్చుటకు కారణము, ముప్పు తెలిసియు కావలసిన కాపలా పెట్టకపోవుట. ఈ ఒక్క వాక్యమును రక్షణ ఉత్తరువుగల స్త్రీకి అన్వయించి చూడుడు: ముప్పు కలదని న్యాయస్థానమే నిర్ణయించినది, ఆ నిర్ణయము స్టేషనుకు వ్రాతమూలమున ముట్టినది, ముప్పు మీదికి వచ్చినదని ఆమెయే వచ్చి చెప్పినది. చిన్నపరెడ్డి విషయమున అధికారులకు ఉండిన ఎరుక కంటె ఈమె విషయమున ఉన్న ఎరుక ఎన్నిమడుగులో అధికము.

ఈ తీర్పు ఎంతటి అడ్డుగోడను దాటివచ్చినదో తెలియుటకు కొంత వెనుకకు పోవలెను. 1947లో మీరటు పట్టణమున ఒక వ్యాపారినుండి పోలీసులు బంగారమును పట్టుకొని ఠాణాలో ఉంచగా, దానిని కాయవలసిన హెడ్ కానిస్టేబులే ఆ సొత్తుతో పాకిస్థానుకు పారిపోయెను. ఆ వ్యాపారి తరఫున వేసిన కస్తూరీలాల్ కేసులో సుప్రీంకోర్టు, అది సార్వభౌమాధికారపు పనిలో జరిగిన నష్టము గనుక ప్రభుత్వము బాధ్యత వహింపనక్కరలేదని తేల్చవలసివచ్చి, ఈ స్థితి బాగులేదని తానే విచారించి, శాసనకర్తలు చట్టము చేయవలెనని హెచ్చరించినది. అంతకుముందే, 1956లో, లా కమిషను తన మొట్టమొదటి నివేదికను ఈ విషయముమీదనే సమర్పించియుండెను. 1965లోను 1967లోను పార్లమెంటులో ప్రవేశపెట్టిన బిల్లులు రెండును చట్టములు కాకయే మురిగిపోయినవి. అప్పటినుండి ఇప్పటివరకు రాజ్యపు తప్పిదములకు రాజ్యము చెల్లించు నష్టమును నిర్ణయించు చట్టము మన దేశమున లేదు. న్యాయస్థానములు ఒక్కొక్క తీర్పుతో ఒక్కొక్క రాయిని పెరికివేయుచు దారి చేసికొనుచున్నవి. 1994లో నాగేంద్రరావు అండ్ కంపెనీ కేసు, అదియును ఆంధ్రప్రదేశమునుండి పోయినదే, ఒక వ్యాపారివద్ద పట్టుకొనిన ఎరువులను అధికారులు సకాలమున అమ్మింపక పాడుచేసిన నష్టమునకు రాష్ట్రమే బాధ్యత వహింపవలెనని నిర్ణయించినది. పాడైన ఎరువుల మూటలకు 1994లో బాధ్యత నిలిచినది. ఖైదులోనున్న మనుష్యుని ప్రాణమునకు 2000లో నిలిచినది. న్యాయస్థానపు ముద్రగల కాగితమును పట్టుకొనివచ్చిన స్త్రీ ప్రాణము ఈ రెంటికిని దిగువ మెట్టున ఉండదగినదని ఎవడును నోరార చెప్పజాలడు.

న్యాయవాదులు ఇక్కడ ఒక ఆక్షేపణ తెత్తురు, అది తేలికగా త్రోసివేయదగినది కాదు. చిన్నపరెడ్డి రాజ్యపు నిర్బంధములో ఉండెను. తన్ను తాను కాచుకొను స్వేచ్ఛ ఆయనకు లేకపోయెను. కావున ఆయనను కాచు భారము రాజ్యము నెత్తిన పడెను. ఇంట నున్న స్త్రీ నిర్బంధములో లేదుగదా అని వారందురు. అమెరికాలో సరిగా ఈ వాదమే గెలిచినది. కొలరాడో రాష్ట్రమున కాసిల్ రాక్ అను పట్టణములో, 1999 జూన్ 22న, రక్షణ ఉత్తరువుగల జెస్సికా గొంజాలెజ్ అను తల్లి దగ్గరనుండి ఆమె ముగ్గురు కుమార్తెలను తండ్రి తీసికొనిపోగా, ఆమె రాత్రి పొద్దుపోవువరకు పోలీసులకు పలుమార్లు ఫోను చేసి, స్టేషనుకు స్వయముగా పోయి మొరపెట్టుకొనెను, వారు వేచిచూడుమనిరి. తెల్లవారుజామున ఆ తండ్రి స్టేషను ఎదుటకే వచ్చి కాల్పులు జరిపి పోలీసుల చేత మరణించెను; వాని వాహనములో ముగ్గురు బిడ్డల శవములు దొరికినవి. ఉత్తరువుమీద అరెస్టు చేసి తీరవలెనని ఆ రాష్ట్రపు చట్టము కఠినమైన మాటలలోనే చెప్పుచున్నను, ఉత్తరువు అమలుచేయించుకొనుట ఆమెకు రాజ్యాంగము రక్షించు హక్కు కాదని 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురికి ఇద్దరి మెజారిటీతో తీర్పుచెప్పినది. 2011లో అంతర అమెరికా మానవహక్కుల కమిషను ఆ దేశము ఆమె హక్కులను భంగపరచినదని తేల్చినను, ఆమెకు స్వదేశపు న్యాయస్థానమున దక్కినది శూన్యము. అదే దేశమున ఆరెగాన్ రాష్ట్రపు సుప్రీంకోర్టు 1983లోనే మరియొక దారి తొక్కియుండుట గమనింపదగినది: నియరింగ్ అను స్త్రీ వేసిన కేసులో, ఉత్తరువును అమలుచేయుమని శాసనసభ ఆదేశించిన పిమ్మట పోలీసునకు తన ఇష్టము చూచుకొను అధికారము లేదనియు, అమలుచేయని పోలీసు నష్టపరిహారపు దావానుండి తప్పించుకొనజాలడనియు ఆ న్యాయస్థానము చెప్పినది.

ఈ రెండు దారులలో మన రాజ్యాంగము చూపునది ఆరెగాన్ దారియే యని నేననుటకు కారణము కలదు. మనకు 21వ అధికరణపు వ్యాఖ్యానము దశాబ్దములుగా విస్తరించుచు వచ్చినది. 1983లో రుదుల్ సాహ్ కేసులోను, 1993లో నీలాబతి బెహరా కేసులోను సుప్రీంకోర్టు రాజ్యముచేత నేరుగా పరిహారము ఇప్పించినది. ఇక నిర్బంధపు మాట. రక్షణ ఉత్తరువును కోరివచ్చిన స్త్రీ తన సోదరులను పంపి భర్తను కొట్టింపలేదు. ఊరి కక్షలను తన యింటికి పిలువలేదు. మన సీమలో ఆ పని చేయగల చుట్టములు ఎందరికో కలరు, ఆ దారి ఎక్కడికి పోవునో రెండు మూడు తరములవారు కన్నులార చూచిరి. ఆమె ఆ దారిని విడిచి చట్టమునకు తన్ను అప్పగించుకొనినది. స్వయముగా కాచుకొను ఉపాయమును మానుకొనుమని చెప్పిన రాజ్యము, కాచు పనిని తాను మానుకొనరాదు. ఖైదీని రాజ్యము బలిమిచేత తన పూచీలోనికి తెచ్చుకొనగా, ఈమెను న్యాయస్థానపు మాటచేత తెచ్చుకొనినది, పూచీ పూచీయే.

ఒక్క విషయమున మాత్రము మనము జాగ్రత్త వహింపవలెను. ఏడేండ్లలోపు శిక్షగల నేరములలో అవసరము విచారింపక అరెస్టు చేయరాదని 2014లో అర్ణేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. కాబట్టి ఉల్లంఘన జరిగిన ప్రతిసారియు సంకెళ్లు వేయలేదని రాజ్యమును నిలదీయరాదు, నేను నిలదీయుచున్నదియు అది కాదు. ఫిర్యాదును వ్రాసికొనుట, ఇంటికి పోయి చూచుట, ఆమెను బిడ్డలను అపాయమునుండి తప్పించుట, మేజిస్ట్రేటుకు తెలుపుట, ఈ నాలుగును చేసినయెడల అరెస్టు చేయకున్నను అధికారి తన విధిని నెరవేర్చినట్లే. వీనిలో ఒక్కటియు చేయని స్టేషను గురించియే నా వాదన అంతయు.

రాజీ అనునది ఈ వ్యవహారమున అన్నిటికంటె చిక్కైనది. భార్య మూడుమార్లు ఫిర్యాదుచేసి మూడుమార్లు వెనుకకు తీసికొనినది, నాలుగవమారు మేమెందుకు నమ్మవలెనని స్టేషనులో అందురు. టర్కీ దేశమున దియర్‌బకిర్ ప్రాంతమునకు చెందిన నహిదె ఓపుజ్ అను స్త్రీ విషయమున సరిగా ఇట్లే జరిగినది. ఆమెయు ఆమె తల్లియు ఏండ్ల తరబడి ఫిర్యాదులు చేసిరి, బెదిరింపులకు లొంగి వెనుకకు తీసికొనిరి. అది కుటుంబ విషయమని అధికారులు కేసులను మూసివేసిరి. 2002 మార్చిలో ఆ భర్త అత్తగారిని కాల్చిచంపెను. 2009 జూన్ 9న ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము టర్కీ రాజ్యమును దోషిగా నిర్ణయించి 30,000 యూరోల పరిహారము చెల్లింపుమన్నది. బాధితురాలు ఫిర్యాదు ఎందుకు వెనుకకు తీసికొనుచున్నదో విచారింపవలసిన భారము అధికారులదే యని ఆ తీర్పు సారము. మన కడప జిల్లా పల్లెలలో రాజీ ఏ విధముగా పుట్టుచున్నదో తెలియనివారు లేరు. పిల్లల చదువు, చెల్లెలి పెండ్లి, పుట్టింటివారి అప్పు, ఊరి పెద్ద మాట, ఇవి నాలుగుదిక్కుల నుండి త్రోయగా స్త్రీ కాగితముమీద వేలిముద్ర వేయును. ఆ వేలిముద్ర ఫిర్యాదును ముగించవచ్చును గాని, న్యాయస్థానపు ఉత్తరువును ముగింపజాలదు. ఉత్తరువును మార్చుటకో రద్దుచేయుటకో 25వ సెక్షను క్రింద మేజిస్ట్రేటుకు మాత్రమే అధికారము కలదు.

గృహహింస చట్టము తన అధికారులను ఎట్లు చూచినదో ఇప్పుడు పరికింతము. మేజిస్ట్రేటు రక్షణ ఉత్తరువులో అప్పగించిన విధిని తగిన కారణము లేక నెరవేర్చని రక్షణాధికారికి, ఉల్లంఘించిన భర్తకు విధించునంత శిక్షయే, అనగా ఒక సంవత్సరపు కారాగారమో 20,000 రూపాయల జుల్మానాయో, 33వ సెక్షను విధించుచున్నది. చూచుటకు ఘనముగానే యున్నది. కాని 34వ సెక్షను, రాష్ట్రప్రభుత్వపు ముందస్తు అనుమతి లేనిదే ఆ ప్రాసిక్యూషను నడువరాదని తలుపు మూయుచున్నది. 35వ సెక్షను, సదుద్దేశముతో చేసిన పనివలన కలిగిన నష్టమునకు రక్షణాధికారిమీద దావా చెల్లదని గడియ వేయుచున్నది. ఈ సదుద్దేశమను మాటకు 1897 నాటి జనరల్ క్లాజుల చట్టము చెప్పు అర్థము, నిర్లక్ష్యముగా చేసినను నిజాయితీతో చేసినచో అది సదుద్దేశమే యని. కె.సి. కాలువ తూము తెరువవలసిన వేళ తెరువని లస్కరు మనసు ఎంత నిర్మలమైనదైనను ఎండిన చేను ఎండినదే. ఆ రైతునకు జవాబు చెప్పవలసినవారు ఒకరుండవలెను. 35వ సెక్షనునకు ఒక మినహాయింపు చేర్పవలెను: ఉత్తరువు ఉల్లంఘింపబడినదని సమాచారము ముట్టిన పిమ్మట ఏ చర్యయు తీసికొనని అధికారికి ఆ కవచము లేదనియు, నష్టమును మొదట రాష్ట్రము చెల్లించి, బుద్ధిపూర్వకముగా ఉపేక్షించినవాని జీతమునుండి రాబట్టుకొనవచ్చుననియు. ఈ రాబట్టుకొను పద్ధతి క్రొత్తది కాదు. లక్నో డెవలప్‌మెంటు అథారిటీ కేసులో 1993లోనే సుప్రీంకోర్టు దానిని అంగీకరించినది. పోలీసు అధికారికైతే ఈ చట్టమున కవచము అసలే లేదు, శిక్షయు లేదు. చట్టము అతనిని గురించి ఈ విషయమున మౌనము వహించినది. ఎఫ్.ఐ.ఆర్. నమోదుచేయని పోలీసును శిక్షించుటకు 2013లో చేర్చిన నిబంధన, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 199వ సెక్షను, కొన్ని నేరములను పేర్కొన్నదేగాని రక్షణ ఉత్తరువు ఉల్లంఘనను ఆ పట్టికలో చేర్చలేదు.

పోలీసులు తక్కువ, పనులు ఎక్కువ అని ప్రభుత్వము చెప్పుకొనును. నిజమే. కాని అది స్త్రీకి చెప్పదగిన జవాబు కాదు, ఆర్థికశాఖకు చెప్పుకొనదగిన విన్నపము. నేడు ఒక స్టేషను ఉపేక్షవలన ఒక స్త్రీ మరణించినచో ఆ మరణము భర్తమీది హత్యకేసుగా నమోదగును. స్టేషను ఉపేక్ష ఏ రిజిస్టరులోను ఏ గడిలోను చేరదు. ఖజానానుండి పరిహారము వెళ్లిననాడు, ఆ సొమ్ము ఎందుకు పోయినదని ఆడిటు అడుగును, జిల్లా ఎస్పీ సంజాయిషీ కోరును, కలెక్టరు సమావేశమున ఆ ప్రశ్న లేచును. బాధితులకు పరిహారపు నిధి ఉన్నదిగదా అనువారికి చెప్పవలసినది ఒకటి కలదు: నేరబాధితులకు సహాయము చేయు ఆ పథకము, నేటి నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షను, దయతో ఇచ్చునది, తన తప్పునకు చెల్లించునది కాదు. తప్పు ఒప్పుకొననిచోట దిద్దుబాటు మొదలుకాదు.

చట్టము దుర్వినియోగమగుచున్నది, అమాయకులైన మగవారు బాధపడుచున్నారు అనువారును కలరు. ఆ మాట చెప్పదగిన చోటు డి.వి.సి. విచారణ; అక్కడ ఓడినవారికి 29వ సెక్షను క్రింద ముప్పది దినములలో సెషన్సు కోర్టునకు అప్పీలు కలదు. ఉత్తరువు నిలిచియున్నంతకాలము దానిని స్టేషను ముందు మరల విచారించు అవకాశము ఎవరికిని లేదు.

రక్షణాధికారి అను పదవి మన రాష్ట్రమున ఉమ్మడి రాష్ట్రపు కాలమునుండి మహిళాభివృద్ధి శిశుసంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టరుకు ఉన్న బరువులమీద వేసిన మరియొక బరువు. జిల్లా అంతటికి అంగన్‌వాడీలు చూచువారే, పౌష్టికాహారము చూచువారే, కమలాపురములోని ఒక స్త్రీ తలుపు తట్టినది భర్తయో కాదో కూడ చూడవలెను. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, వి ది విమెన్ ఆఫ్ ఇండియా అను సంస్థ వేసిన కేసులో, జిల్లా స్థాయిలోనేగాక తాలూకా స్థాయిలోను రక్షణాధికారులను ఆరువారములలో నియమింపవలెనని రాష్ట్రములను ఆదేశించినది. మన తాలూకాలు మండలములై నలుబదియేండ్లు గడచినవి. ఆ ఆదేశపు ఫలము మండలమువరకు దిగిననే అది మనకు ఉపయోగపడును. గ్రామ సచివాలయములలో ఉన్న మహిళా పోలీసుల చేతికి తమ గ్రామమున అమలులోనున్న రక్షణ ఉత్తరువుల జాబితా నిచ్చి, వారమున కొకసారి ఆ గడపకు పోయి పలుకరించి రమ్మనుటకు క్రొత్త చట్టము అక్కరలేదు, ఒక్క జీవో చాలును.

శాసనసభ సవరణ చేయువరకు చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పని లేదు. కోయిలకుంట్ల తీర్పు ఈ దినమున అమలులో నున్న న్యాయము. కమలాపురము, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బార్లలోని న్యాయవాదులను నేను వినయముతో కోరునది, ఇట్టి స్త్రీ మీ ముందు కూర్చున్నపుడు భర్తమీది కేసుతోనే సరిపుచ్చక, రాష్ట్రముమీద నష్టపరిహారపు దావా సంగతి కూడ ఆమెకు చెప్పుడు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 12వ సెక్షను ప్రకారము ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రతి స్త్రీకిని ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు గనుక ఫీజు లేదని ఆమె వెనుదిరుగనక్కరలేదు. ప్రభుత్వముమీది దావాకు ముందు సివిలు ప్రొసీజరు కోడు 80వ సెక్షను క్రింద రెండు నెలల నోటీసు ఈయవలెను. 1963 నాటి కాలపరిమితి చట్టపు 72వ అధికరణము ఒక్క సంవత్సరమే గడువిచ్చినదని ప్రభుత్వము వాదించును. కోయిలకుంట్ల దావాలో హైకోర్టు ఆ వాదనను తిరస్కరించి మూడేండ్ల గడువును అన్వయించినను, సంవత్సరము నిండకముందే దాఖలు చేయుట క్షేమము. ఉత్తరువు తేదీ, దాని ప్రతి స్టేషనుకు ముట్టిన తేదీ, ఆమె మొరపెట్టుకొనిన దినము, గంట, అప్పుడు విధిలోనుండిన అధికారి హోదా, ఆ పిమ్మట తగిలిన గాయము, దానికి వైద్యుడిచ్చిన పత్రము, ఇవి ఆ నోటీసులో వరుసగా ఉండవలెను. 112కో 181కో ఆమె చేసిన ఫోనుకు రికార్డు ఉండును గనుక దానిని కూడ తెప్పింపుడని అడిగినయెడల, ఆమె మా వద్దకు రానేలేదని స్టేషను తరువాత చెప్పుట కష్టమగును.